చేతి నుండి చేతికి

విశ్వాసం వారసత్వంగా వస్తుందా? అమెరికాలోని అరిజోనాలో కుండలు చేసే ఒక కుటుంబం ఈ విషయంలో మనకు మంచి పాఠం చెబుతుంది.

హోపీ-తేవా ప్రజల పూర్వీకులు రియో గ్రాండే నదీ ప్రాంతం వారు. 1680లో అక్కడి ఆదివాసులు స్పెయిన్ పాలనపై తిరగబడ్డారు. మన మిషనరీలు వారి పూజలను బలవంతంగా మాన్పించబూనడం కూడా అందుకు ఒక కారణమని ఒప్పుకోవాలి. స్పెయిన్ సేనలు మళ్లీ వచ్చాక కొందరు తేవాలు హోపీల గడ్డకు వలసపోయి, హానో గ్రామంలో స్థిరపడ్డారు.

ఆ గ్రామంలో 1859 ప్రాంతంలో నంపేయో పుట్టింది. సారె లేకుండా, మట్టిని తాళ్లలా చేసి చుట్టలుగా పేర్చి కుండలు చేసేది. పాడుపడిన సిక్యాట్కి గ్రామపు పాత పెంకులపై ఉన్న బొమ్మలు చూసి, ఆ కళకు మళ్లీ ప్రాణం పోసింది. చూపు పోయాక తడుముకుంటూ కుండలు చేస్తే, కూతుళ్లు వాటిపై బొమ్మలు వేశారు. 1942లో ఆమె కన్నుమూసింది. ఆ పని మాత్రం మనుమరాళ్లు, మునిమనుమరాళ్ల చేతుల్లో సాగింది.

బలవంతం తిరుగుబాటును కన్నది. తల్లి పక్కన కూర్చుని నేర్చుకున్నది తరాలు నిలిచింది.

తిమోతి విశ్వాసం మొదట అవ్వ లోయిలో, తల్లి యూనికేలో ఉన్నదని పౌలుగారు గుర్తు చేశారు. వారసత్వం రక్తంతో పాటు దానంతట అదే రాదు. ఒకరు చేస్తుండగా మరొకరు చూసి అందుకోవాలి. జపమాల చెప్పమని పిల్లలను గద్దించే మనం, వారి పక్కన మోకరిస్తున్నామా?