వరసకో కిటికీ

లినక్స్‌లో డబ్ల్యూఎంసీటీఆర్ఎల్ అని చిన్న పనిముట్టు ఉంది. టెర్మినల్లో దాని పేరు కొట్టి, పక్కన అడ్డగీత పెట్టి ఎల్ అంటే చాలు. తెరిచి ఉన్న విండోలన్నీ వరసకొకటి చొప్పున వచ్చి నిలబడతాయి. ముందు సున్నా ఎక్స్‌తో మొదలయ్యే నంబరు, తర్వాత ఏ డెస్క్‌టాప్ మీదుందో, ఆ తర్వాత మెషీన్ పేరు, చివర్న టైటిల్.

నేను దాన్ని బుద్ధిగానే నేర్చుకున్నాను. నాది గంటల లెక్కన డబ్బులొచ్చే పని. ఆ లెక్క కోసం ఐదు నిమిషాలకోసారి ఆ జాబితా ఓ ఫైల్లో పడేలా పెట్టుకున్నాను.

అమ్మాయి ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా తన లాప్‌టాప్‌లో ఉబుంటు అనే లినక్స్ వేసిచ్చింది నేనే, పాస్‌వర్డ్ పెట్టిందీ నేనే. ఒక రాత్రి పదకొండింటికి నా కుర్చీలోంచి కదలకుండా ఎస్ఎస్‌హెచ్‌తో అందులోకి దూరి, తన తెర ఏదో చెప్పి, అదే కమాండ్ కొట్టాను. నాలుగు వరసలొచ్చాయి. ఫిజిక్స్ నోట్స్, కాలిక్యులేటర్, ఓ ఫోల్డర్, నాలుగోది యూట్యూబ్‌లో కామెడీ సీన్లు.

పొద్దున ఉప్మా దగ్గర అడిగేశాను. "అర్ధరాత్రి కామెడీ సీన్లా?"

"నీకెలా తెలుసు నాన్నా?"

"గోడవతలికి వినపడుతుంటే!"

తను మెడలో వేలాడుతున్న హెడ్‌ఫోన్స్ మీద చెయ్యి వేసుకుంది. ఏమీ అనలేదు. ఉప్మాలో జీడిపప్పు ఏరుకుంటూ కూర్చుంది.

అబద్ధమాడాను సరే, అంతకన్నా ఇబ్బంది పెట్టేది ఇంకొకటుంది. ఆ జాబితా ఏది తెరిచి ఉందో చెబుతుంది, ఏది చూస్తున్నారో చెప్పదు. నోట్స్ ముందుండి, బ్రౌజర్ సాయంత్రం నుంచీ వెనక పడుండొచ్చు. ఈ సంగతి నాకు తెలియక కాదు. నా బిల్లు దగ్గర తేడా రాకూడదని, ముందున్న విండో ఏదో కనుక్కోవడానికి ఎక్స్‌డూటూల్‌తో ఇంకో వరస రాసుకున్నవాణ్ణి. నా గంటలకైతే రెండు కమాండ్లు. పిల్ల రాత్రికి ఒక్కటి చాలనుకున్నాను.

అక్కడితో ఆగానా? లేదు. లాప్‌టాప్‌ను ఉబుంటు 22.04కి మార్చాక మళ్లీ కొట్టి చూశాను. జాబితా ఖాళీ. ఏదో చెడిందనుకుని అరగంట తంటాలు పడ్డాను. చెడిందేమీ లేదు. 1984లో ఎంఐటీలో మొదలైన ఎక్స్ విండో సిస్టమ్‌లో ఏ ప్రోగ్రామైనా పక్క ప్రోగ్రాముల ఆరా తీయొచ్చు, ఊళ్లో అరుగు మీద కూర్చున్నట్టే. కొత్త ఉబుంటులో దాని స్థానంలో వచ్చిన వేలాండ్ ఆ వీలివ్వదు. పాత పద్ధతిలో నడిచేవి ఒకటీ అరా ఉంటే అవే కనబడతాయి. ఆ ముక్క చదివినప్పుడు సిగ్గు రావాలి. నాకు చిరాకొచ్చింది.

వారం తర్వాత ఇంకోసారి ప్రయత్నించాను. పాస్‌వర్డ్ తప్పంది. మూడుసార్లు కొట్టినా అదే మాట. ఎప్పుడు మార్చావమ్మా అని అడగాలంటే, మార్చినట్టు నాకెలా తెలిసిందో ముందు చెప్పాలి.