పాటకి పిడికెడు బియ్యం

మా వదినకి కోపం వస్తే నోరు పెగలదు. వంటింట్లో గిన్నెలు మాట్లాడతాయి. మొన్న వేసవిలో నేను కాకినాడ వెళ్లి వాళ్ల గుమ్మం ఎక్కేసరికి గిన్నెలు ఏకంగా ఉపన్యాసమే ఇస్తున్నాయి.

"ఈ విడ్డూరం చూశావుటే?" అంటూ, చేతిసంచి ఇంకా కింద పెట్టకముందే ఒక కాయితం నా చేతిలో పెట్టింది.

అన్నయ్య రిటైరయ్యాక వదిన ఇంటి ముందు వరండాలో చిన్న టిఫిను హోటలు పెట్టింది. ఆరు బల్లలు, ఇద్దరు పనివాళ్లు. పెసరట్టుకి పేరు. పొద్దున్నే సుప్రభాతంతో మొదలుపెట్టి, ఏడు దాటాక పాత సినిమా పాటలు వేస్తుంది. ఆ పాటల కోసమే రెండో కాఫీ చెప్పి కూర్చునే పెద్దమనుషులున్నారని తనే గొప్పగా చెప్పుకుంటుంది కూడా. కాయితంలో సంగతేమిటంటే, వ్యాపారం జరిగే చోట పాటలు వినిపిస్తున్నారు కనక, ఆ పాటలు రాసినవాళ్లకీ, బాణీ కట్టినవాళ్లకీ చెందవలసిన రుసుము ఏడాదికింతని కట్టి లైసెన్సు తీసుకోవాలిట.

"ఫోను నాది. స్పీకరు నాది. కరెంటు బిల్లు నాది. గాలిలో పోయే పాటకి పన్నేమిటమ్మా? రేపు పెరట్లో కోయిల కూసినా కట్టమంటారు కాబోలు!"

నిజం చెప్పొద్దూ, అప్పటికి నేనూ వదిన పక్షమే. అడిగినవాళ్లకి నిప్పూ నీళ్లూ లేదనకూడదని చెప్పి పెంచారు మనల్ని. పాటా అలాంటిదేననుకుంటూ వచ్చాం. పక్కింటావిడ దగ్గర మంగళహారతి నేర్చుకుంటే డబ్బిచ్చామా? పుచ్చుకున్నామా?

ఆ రాత్రి హైదరాబాదు నించి మా మేనల్లుడు ఫోను చేశాడు. వాడు మ్యూజిక్ ప్రొడ్యూసరు. మన రోజుల్లో ప్రొడ్యూసరంటే డబ్బు పెట్టేవాడు. ఇప్పుడు ఓ గదిలో కంప్యూటరు ముందు కూర్చుని బాణీ కట్టడం, వాయిద్యాలు కూర్చడం, గొంతు రికార్డు చెయ్యడం అన్నీ తనే చేసేవాణ్ణి అలా అంటున్నారు. తల్లి గోడు విని వాడు నవ్వాడు.

"కట్టెయ్యమను అత్తా! నా పాట ఇంకెవరి హోటల్లోనో మోగుతూంటుంది. అక్కడి ఆవిడ కూడా కాయితం చింపేస్తే నా గతేమిటి?"

ఆ మాటతో నేను కుర్చీ లాక్కుని, వాడి చేత అంతా చెప్పించుకున్నాను. పాట తయారైన క్షణంలోనే దాని మీద హక్కు దానంతటదే పుడుతుందిట. ఎక్కడా దరఖాస్తు పెట్టనక్కర్లేదు. కానీ బిడ్డ పుట్టినంత మాత్రాన బడి హాజరుపట్టీలో పేరుండదు కదా! పాట ఎక్కడెక్కడ మోగుతోందో ఒక్క మనిషి ఊరూరా తిరిగి చూసుకోలేడు. అందుకని రాసినవాళ్లూ, బాణీ కట్టినవాళ్లూ, పాటల్ని ప్రచురించే కంపెనీలూ కలిసి సంఘంగా ఏర్పడతారు. మన దేశంలో 1969లో ఏర్పడిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ అలాంటిదే. సభ్యుడు తన ప్రతి పాటనీ అక్కడ నమోదు చేసుకోవాలి: పాట పేరేమిటి, మాటలెవరివి, బాణీ ఎవరిది, ఎవరి వాటా ఎంత. రేడియోలు, టీవీలు, హోటళ్లు, కచేరీలు పెట్టేవాళ్లు సంఘానికి రుసుము కడతారు. ఏయే పాటలు వినిపించారో జాబితాలు వస్తాయి. ఆ జాబితానీ, నమోదు పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూసి, ఖర్చులు పోను ఎవరి వాటా వాళ్లకి పంపుతారు. పైదేశంలో మోగితే అక్కడి సంఘం వసూలు చేసి ఇక్కడికి పంపుతుంది. రికార్డు చేసిన ధ్వనిది మళ్లీ వేరే హక్కు. దాని లెక్క వేరు.

"పేరులో అక్షరం తేడా వచ్చినా, ఇద్దరు కలిసి చేసిన పాటకి వాటాలు ముందే తేల్చుకోకపోయినా డబ్బు అక్కడే ఆగిపోతుందత్తా. మొదటి రెండేళ్లు నేను ఒక్క పాటా నమోదు చెయ్యలేదు" అన్నాడు వాడు, పరీక్ష ఫీజు కట్టడం మర్చిపోయిన కుర్రాడిలా.

ఆలోచిస్తే ఇది మనకి మరీ కొత్తేమీ కాదు. ముద్ర అంటే ఏమిటి? అన్నమయ్య వెంకటేశుణ్ణి, క్షేత్రయ్య మువ్వగోపాలుణ్ణి, త్యాగయ్య తన పేరునీ పాటలో కూర్చారు. తాటాకులు చేతులు మారినా, పాడే గొంతులు మారినా పాట ఇంటిపేరు పోకుండా వేసిన ముడి అది. కాలం మారి ఆ ముద్ర పాటలోంచి రిజిస్టరులోకి వెళ్లింది.

మర్నాడు పొద్దున్న చట్నీకి కొబ్బరి కోరుతూ ఇదంతా వదినకి చెప్పాను. ఆవిడ అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు.

"అయితే సుప్రభాతానికీ కట్టాలా? వెంకటేశ్వరస్వామి కూడా సభ్యుడేనా?"

శ్లోకం ఎవరి సొత్తూ కాదు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన 60 ఏళ్లకి రచన అందరిదీ అవుతుంది. సుప్రభాతం వందల ఏళ్ల నాటిది. కానీ దాన్ని ఒకరు పాడి రికార్డు చేస్తే, ఆ రికార్డు మీద విడుదలైన దగ్గర్నించి 60 ఏళ్లు హక్కుంటుంది.

"మరి పెళ్లిళ్లలో బ్యాండు మేళమో?"

పూజలకీ, పెళ్లి ఊరేగింపుకీ, పెళ్లికి సంబంధించిన వేడుకలకీ చట్టంలోనే మినహాయింపు ఉంది. మన మహిళా మండలి వాళ్లు సరదాగా, టిక్కెట్టు లేకుండా పాడుకునే కార్యక్రమానికీ ఉంది. అంటే చట్టం కూడా నిప్పూ నీళ్ల మర్యాద పాటిస్తోందన్నమాట. పొయ్యి అంటించుకోవడానికి నిప్పు పట్టుకెళ్లినవాళ్లని ఏమీ అడగదు. ఆ నిప్పుతో కొలిమి పెట్టుకుని వ్యాపారం చేసేవాళ్లనే అడుగుతుంది.

మూడో ప్రశ్న దగ్గర మాత్రం నేను తడబడ్డాను. "నేను కట్టిన డబ్బు ఆ పాట రాసినాయనకి చేరుతుందా, మధ్యవాళ్ల బొజ్జల్లోకి పోతుందా?"

వదిన అనుమానం వట్టిది కాదు. డబ్బిచ్చి సినిమా కోసం పాట చేయించుకుంటే, ఒప్పందంలో వేరేలా రాసుకోకపోతే, ఆ పాట మీద హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పుతో ఏకీభవిస్తూనే జస్టిస్ కృష్ణయ్యరు, పాడే కళాకారుడికి చట్టంలో చోటు లేకపోయిందే అని విచారిస్తూ విడిగా నాలుగు మాటలు రాశారు. ఆ తర్వాత చట్టం మారడానికి 35 ఏళ్లు పట్టింది. జావేద్ అఖ్తర్ రాజ్యసభ సభ్యుడిగా ఉండి గట్టిగా మాట్లాడారు. 2012లో వచ్చిన సవరణ ప్రకారం, హాల్లో సినిమాతోపాటు వినిపించినప్పుడు తప్ప, ఇంకెక్కడ సినిమా పాట మోగి రాయల్టీ వచ్చినా అందులో హక్కుదారుతో సమానమైన వాటా రాసినవాళ్లకీ, బాణీ కట్టినవాళ్లకీ ఉంటుంది. ఆ వాటాని వారసులకో, తమ సంఘానికో తప్ప ఇంకెవరికీ రాసివ్వడానికి వీల్లేదు. వదులుకున్నామని సంతకం పెట్టినా చెల్లదు.

"సంతకం పెట్టినా చెల్లదా! ఇదేం చోద్యమే? తన సొమ్ము తను వదులుకుంటే మధ్యన చట్టానికేం నొప్పి? త్యాగయ్యగారు రాజుగారు పిలిస్తేనే వెళ్లలేదు. ఆయనెక్కడ, పాటకి పైసలు లెక్కపెట్టుకునే వీళ్లెక్కడ!"

అదీ అసలు ప్రశ్న. కళని అమ్ముకోవచ్చునా అని. నాకు ఆ రోజంతా పెసరట్టు కూడా రుచించలేదు.

చిత్రమేమిటంటే, త్యాగయ్యగారు తిరువయ్యారులో కన్నుమూసిన 1847వ సంవత్సరంలోనే పారిస్‌లో ఇంకో కథ మొదలైంది. ఎర్నెస్ట్ బూర్జే అనే పాటల రచయిత మిత్రులతో కలిసి ఒక పేరున్న కెఫేకి వెళ్లాడు. అక్కడ వాద్యబృందం వాళ్ల పాటలే వినిపిస్తోంది. లేచేటప్పుడు బిల్లు వచ్చింది. కట్టనన్నాడు. "మా పాట వాడుకుని మీరు మాకేమీ ఇవ్వలేదు, మీ పానీయం తాగి మేమెందుకివ్వాలి?" అని ఆయన వాదం. వ్యవహారం కోర్టుకెక్కింది, రచయితలే గెలిచారు. ఆ గెలుపులోంచే 1851లో సాసెమ్ అనే సంఘం పుట్టింది. మా వదినకొచ్చిన కాయితానికి ముత్తాత అదే.

పైకి చూస్తే ఒకరు ఇస్తామన్నా వద్దన్నవారు, ఇంకొకరు ఇవ్వకపోతే పేచీ పెట్టినవారు. కానీ రాజుగారి కానుకలు వద్దన్నారని చెప్పుకునే త్యాగయ్యగారు ఎలా బతికారు? ఉంఛవృత్తి మీద. పాడుకుంటూ వీధి వెంట వెళుతుంటే ఇల్లాళ్లు గుమ్మంలోకి వచ్చి పాత్రలో పిడికెడు బియ్యం వేసేవారు. అది కీర్తనకి ధర కాదు. ఆ కీర్తనకి ధర కట్టగలవాడెవడు? పాడే మనిషి ఇంట్లో పొయ్యి వెలగాలన్న పూచీ అది. ఆ పూచీ తీసుకున్నది ఆస్థానం కాదు, మనలాంటి ఆడవాళ్లు. ఆ పిడికెడు బియ్యాన్ని ఆయన వద్దనలేదు.

ఇవాళ పాడే మనిషి మన వీధికి రాడు. పాట ఒక్కటే వస్తుంది, గోడలోంచి, ఫోనులోంచి. గుమ్మంలో పాత్ర పట్టుకున్న మనిషి కనిపించడు కనక మన పిడికిలి విప్పనక్కర్లేదనుకుంటున్నాం. ఆ కాయితం తెచ్చింది ఆ పాత్రనే. కాస్త మర్యాదగా అడగడం దానికి చేతకాలేదు, అంతే.

మరి త్యాగం సంగతి? ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారు సుప్రభాతం రికార్డు మీద తనకి రావలసిన రాయల్టీని తిరుమల తిరుపతి దేవస్థానం వేద పాఠశాలకి ఇచ్చేశారు. ఆవిడ పేరున రాయల్టీ అంటూ ఒకటి ఉండబట్టే కదా ఇవ్వగలిగారు! ఆవిడ ఇస్తే అది త్యాగం. "ఆవిడకి డబ్బు మీద ఆశ లేదులే" అని ఆవిడ తరఫున మనం నిర్ణయించేస్తే దానికి వేరే పేరుంది. ఇంటద్దె కట్టాల్సిన రోజున కుర్రవాడు ఏ కాయితం మీదైనా సంతకం పెడతాడు. అది త్యాగం కాదు, ఇరకాటం. అందుకే చట్టం ఆ సంతకాన్ని నమ్మనంటోంది.

ఈ సంగతి ఆడవాళ్లకి విడమర్చి చెప్పాలా? "అమ్మకి మీగడ పడదు" అని ఎన్ని ఇళ్లలో అనుకోవడం లేదు! అమ్మని అడిగినవాళ్లెవరు?

మా పెద్దమ్మ అప్పగింతల పాటలు కట్టేది. నా పెళ్లికి కట్టిన పాట అందరికీ నచ్చి, చేతులు మారి, చివరికి ఎవరో వేసిన పెళ్లిపాటల పుస్తకంలోకి ఎక్కింది. పెద్దమ్మ పేరు లేదు. సేకరించినావిడ పేరు అట్టమీద పెద్దక్షరాలతో ఉంది. నేను మండిపడితే పెద్దమ్మ నవ్వేసి, "పోనీలేవే, పాడుకోనీ. పాటకి పేరెందుకు?" అంది. ఎంత పెద్ద మనసో అని అందరం మెచ్చుకున్నాం. అలా మెచ్చుకోవడం మాకు హాయిగానూ ఉంది, పుస్తకం వేసినవాళ్లకి ఉత్తరం రాసే పని తప్పింది కనక. ఆవిడ పోయాక ట్రంకుపెట్టె అడుగున ఒక నోటుబుక్కు దొరికింది. ప్రతి పాట కిందా తన పేరు, తేదీ, ఎవరి పెళ్లికి కట్టిందో ఆ వివరం. నా పెళ్లిపాట కింద మాత్రం పేరు రెండుసార్లు రాసుకుంది. రెండోసారి రాసింది వేరే సిరాతో.

ఈ మాట చెప్పేసరికి వదిన కొబ్బరి కోరడం ఆపింది. ఏమీ అనలేదు. నాలుగు రోజుల తర్వాత, ఆరు బల్లల హోటలుకి అంత రుసుమేమిటని బేరమాడి మరీ కట్టింది. కట్టిన రోజు నుంచీ స్పీకరు కొంచెం గట్టిగా పెడుతోందని అన్నయ్య ఫిర్యాదు. "డబ్బు కట్టాంగా!" అంటుందిట.

నేను చెయ్యగలిగింది ఒకటే మిగిలింది. కిందటి నెల మా ఆడపడుచు కూతురి పెళ్లిలో అప్పగింతలప్పుడు నన్ను పాడమన్నారు. పెళ్లిలో పాటకి ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదని ఇప్పుడు నాకు బాగా తెలుసు. అయినా గొంతు సవరించుకుని, "ఈ పాట మా పెద్దమ్మ కట్టింది" అని ఆవిడ పేరు చెప్పి, అప్పుడు పాడాను. పెళ్లికూతురు పక్కనున్న ఓ ముసలావిడ కళ్లు తుడుచుకుంటూ, "ఇన్నేళ్లూ ఇది ఎవరిదో తెలియకుండానే పాడామమ్మా!" అంది.