పనిలో భక్తి



చూలై అనగా తమిళములో బట్టీ. ఒకప్పుడు ఇచ్చట ఇటుకలు కాల్చెడివారు. సరిగా కాలని ఇటుక గోడ కట్టిననాడు బయటపడదు, వాన కురిసిననాడు బయటపడును. కొలొస్సయులకు 3:23లో మనుష్యుల కొరకు కాక ప్రభువు కొరకు పని చేయుడని పౌలు ఎవరితో చెప్పెను? ముందు వచనము చూడండి. దాసులతో! జీతమును మెప్పును లేనివారితో.

బేసిన్ బ్రిడ్జి ప్రక్కన మురికిపట్టిన బకింగ్‌హామ్ కాలువను మీరెరుగుదురు. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు, ఆంధ్ర వైపున ఆ కాలువలోనే సుమారు మూడు మైళ్ల త్రవ్వకమునకు కాంట్రాక్టు పట్టిరి. యౌవనమున సర్వే పని నేర్చినవారు గదా! ఆకలిగొన్నవారికి కూలి దొరికెను. బోధకులే మేస్త్రీలైరి. అన్నము కొరకు ఎవరును సంఘములోనికి రాకూడదని, కరవు పనులు సాగినంతకాలము ఆయన బాప్తిస్మములు ఆపివేసిరి. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్య మనకందరికిని కంఠస్థమే. మోసిన మట్టి తట్టలను ఎవరు లెక్కించిరి?

పౌలు మాట నాకెక్కడ తగిలినదో చెప్పెదను. ట్రైనింగు ముగించి ఉపాధ్యాయుడనైన క్రొత్తలో, కాపీ పుస్తకములు చదువకయే ఎర్రసిరాతో టిక్కు పెట్టుచుంటిని. ఒక పిల్లవాడు నెలంతయు 'ప్రార్థన' అను మాటను తప్పుగానే వ్రాసెను. చివరకు చూచి కోపపడితిని. వాడు పుటలు త్రిప్పి, "సార్, మీరే టిక్కు పెట్టారు కదా" అనెను.

ఆ రాత్రి తరగతి పుస్తకములన్నియు ఇంటికి తెచ్చుకొని, మొదటి పుటనుండి దిద్దితిని.