దాచే చోటు ఎవరిది?

మేడ్చల్ మీదుగా పోయే రహదారికి ఇప్పుడు 44 అని నంబరు. పెద్దవాళ్లకు అది ఇంకా నాగపూర్ రోడ్డే. సికింద్రాబాద్ దండు నుంచి నాగపూర్ దగ్గరి కాంప్టీ దండుకు పటాలాలు నడిచిన దారి అది. నిర్మల్ దాటి ఘాట్ ఎక్కి, మన గోండు గూడేల పక్కనుంచి ఆదిలాబాద్ చేరుతుంది. మేము ఆ చివర పుట్టి ఈ చివర పాఠాలు చెప్పుకుంటున్నాం.

సెలవుల ముందు మా పిల్లవాడొకడు ఫోన్‌లో జియోకాచింగ్ అనే ఆట చూపించాడు. చిన్న డబ్బాలో ఒక పుస్తకం, ఏవో బొమ్మలు పెట్టి ఎక్కడో దాస్తారు. ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు లోకానికి చెబుతారు. వెతికి పట్టుకున్నవాళ్లు పుస్తకంలో పేరు రాయాలి. ఏదైనా తీసుకుంటే అంత విలువైనది ఇంకొకటి పెట్టాలి. 2000 మే నెలలో అమెరికా తన సైన్యపు జీపీఎస్‌ను అందరికీ కచ్చితంగా పనిచేసేలా వదిలిన ఒకటి రెండు రోజుల్లోనే ఒరెగాన్‌లో ఒకాయన మొదటి బకెట్ దాచాడట. ఆటదీ దండు పుట్టుకే.

"సార్, శామీర్‌పేట చెరువు కాడ ఒకటి, మా ఘాట్ మీద పెన్ ఉండే చెట్టు కాడ ఒకటి పెడదాం. మనోళ్ల చోటు అందరికీ తెలుస్తది" అన్నాడు.

చెరువు దగ్గర పర్వాలేదనుకున్నాం. ఆదివారం అక్కడ ఎటూ జాతరే. చెట్టు దగ్గరే మా మనసు ఆగింది. నేల యజమాని అనుమతి తీసుకోవాలని ఆ ఆటలోనే నియమం ఉంది. మరి పెన్ చెట్టుకు యజమాని ఎవరు? కాగితం చూస్తే అటవీ శాఖ. అక్కడ ఏటా కోడిని కోసేది మాత్రం వాళ్లు కాదు.

మన ఊళ్లలో అలాంటి చోటికి పోవాలంటే ఒకరిని అడగాలి. ఎవరింటివాడివి, ఏ గోత్రం అని వాళ్లు తిరిగి అడుగుతారు. చెప్పులు ఎక్కడ విడవాలో చెబుతారు. కేస్లాపూర్ నాగోబా కోసం మెస్రం వంశంవాళ్లు గోదావరి నీళ్లకు హస్తినమడుగు దాకా నడిచిపోతారు. ఆ దారి వాళ్లకు నడిచిన పెద్దల వెంట వచ్చింది. అంకెలు చేతిలో ఉంటే ఈ అడగడం, ఈ వెంట నడవడం అక్కర్లేదు.

ఈ దారి వెంట కొలతలు కొత్త కాదు. 1802లో మద్రాసులో సర్వే మొదలుపెట్టిన లాంబ్టన్ దొర, హైదరాబాద్ నుంచి నాగపూర్ పోతూ 1823లో హింగన్‌ఘాట్‌లో చనిపోయాడు. పటాలు ముందు ఎవరి చేతికి పోతాయో మనవాళ్లకు తెలుసు. ఇదంతా చెప్పి గెలిచామనుకున్నాం.

"మరి మా నాయన పోడు భూమిని కొలిచింది జీపీఎస్ తోనే గద సార్?"

నిజమే. 2006 చట్టం వచ్చాక గుర్తు పెట్టించుకున్న చేను నిలిచింది, పెట్టించుకోనిది వాదనలో పడింది. ఇంకొకటి కూడా ఉంది. 1860లో రాంజీ గోండును, ఆయన వెంట ఉన్నవాళ్లను నిర్మల్‌లో ఉరితీసిన వెయ్యి ఉరుల మర్రి ఇప్పుడు లేదు. అది ఎక్కడుండేదో బస్సులో పోయే మన పిల్లలకే తెలియదు. అక్కడ ఎవరైనా డబ్బా పెడితే మేమే ముందు పోయి పేరు రాస్తాం. అంటే అంకెలన్నీ చెడ్డవని అనలేం. పైగా ఇన్నేళ్లుగా మేడ్చల్‌లో జీతం తింటున్న మాకు, ఆ చెట్టు తరఫున వద్దనే హక్కు మాత్రం ఎక్కడిది?

కటోడాను అడిగి రమ్మన్నాం. సెలవుల తర్వాత వచ్చాడు. ఆయన అవుననలేదు, కాదనలేదట. డబ్బాలో ఏముంటదని అడిగాడట. పేర్లు రాసే పుస్తకం అని చెబితే, "వచ్చిపోయేటోళ్ల పేర్లా, ఈడ ఉన్నోళ్ల పేర్లా?" అన్నాడట.

డబ్బా ఇంకా హాస్టల్లో వాడి ట్రంకుపెట్టెలోనే ఉంది.