పిల్లలు పెట్టిన విందు

పెద్దలనుండి పిల్లలకు సంక్రమించు సొత్తు రెండు విధములు. పంచుకొన్నకొలది తరుగునది యొకటి. పంచినకొలది పెరుగునది మరియొకటి. పొలమును, ఇల్లును, బంగారమును మొదటి తెగకు చేరినవి. పదియెకరముల ఆసామికి నలుగురు కొడుకులున్నచో తలకు రెండున్నర యెకరములే వచ్చును. విద్య రెండవ తెగకు చేరినదని మన పూర్వులు చెప్పిరి. ఆ తెగలోనే చేర్పదగినది ఇంకొకటి కలదని మా యభిప్రాయము. అది ఇంటివంట. అమ్మమ్మ చేయు పులిహోరను మనుమలు నలుగురు నేర్చుకొన్నచో ఒక్కొక్కనికి పాతికవంతు గాక పులిహోర యంతయు వచ్చును.

అయితే ఈ సొత్తు పిల్లవానికి ఎప్పుడు సంక్రమించినట్లు? తిన్నప్పుడా, వండినప్పుడా, ఒరులకు పెట్టినప్పుడా? తినుటచేతనే సంక్రమించునని చెప్ప వీలులేదు. 1957వ సంవత్సరమున వెలువడిన మాయాబజారు చలనచిత్రములో పెండ్లివారికై సిద్ధపరచిన భక్ష్యములను ఘటోత్కచుడు ఒంటరిగా కూర్చుండి ఆరగించుట చూచి మూడు తరములవారు నవ్విరి. పదిమందికి పెట్టవలసినదానిని ఒక్కడు తినుచున్నాడుగదా యనునదియే ఆ నవ్వులోని రహస్యము. తినుటకు నోరు చాలును. వారసుడగుటకు చేతులు కావలెను; ఎదుట కూర్చుండి తినువాడొకడు కావలెను. ఇంతవరకు మాకు సందేహము లేకుండెను. ఆ తినువాడు తిరిగి పెట్టినప్పుడు మన మేమి చేయవలెనను ప్రశ్న మాత్రము మా కెన్నడును తోచలేదు. దానిని పిల్లలు మాకు నేర్పిన విధమును చదువరులకు నివేదించుచున్నాము.

మేము నివసించుచున్నది హైదరాబాదులోని శ్రీనగర్ కాలనీ. ఒకప్రక్క బంజారాహిల్సు, ఒకప్రక్క యూసుఫ్‌గూడ, ఆవల జూబిలీహిల్సు, ఫిలింనగరు. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మదరాసునుండి క్రమముగా ఇచ్చటికి తరలివచ్చిన పిమ్మట ఈ వీథులలో నిర్మాతల కార్యాలయములు వెలసినవి. సమీపముననే యున్న కృష్ణానగరులో వేషములకై ఎదురుచూచు చిన్న నటులును, చిత్రములకు పనిచేయు కార్మికులును కాపురమున్నారు. కృష్ణా, గుంటూరు, గోదావరి మండలములవారు, తెలంగాణపు పల్లెలవారు, రాయలసీమవారు, పాతనగరమునుండి వచ్చిన ముస్లిములు ఒకే మేడలో వేర్వేరు అంతస్తులలో నుందురు. ప్రొద్దున మెట్లు దిగునప్పుడు ఒక్కొక్క తలుపు చెంత ఒక్కొక్క తిరుగమోత వాసన తగులును. ఆ వాసనలు కలిసినంతగా మనుష్యులు కలియలేదు.

మొన్నటి సంక్రాంతి సెలవులలో పండ్రెండేండ్ల మా మనుమడు ఒక యేర్పాటు చేసెను. తనతో సందులో క్రికెట్టు ఆడు మిత్రులు ఒక ఆదివారము మా యింటికి రావలెను. ఒక్కొక్కరు తమ యింట తరతరములుగా చేయు వంటకము నొకదానిని తమ చేతులతో చేసి తేవలెను. పెద్దలు ప్రక్కన నిలువవచ్చునుగాని గరిటె పట్టరాదు. పూర్వము మన పిల్లలు గుజ్జెనగూళ్ళని ఆడుకొన్న ఆట ఇదే కదా యని మేము సంతోషించితిమి.

మా యింటిలోని కొందరు మూడు ఆక్షేపణలు తెచ్చిరి. మొదటిది నిప్పు, కత్తి. ఇది నిజమైన ఆక్షేపణయే. పెద్దలు ప్రక్కన నిలువవలెనను నియమము అందుకొరకే. నిప్పును ఎరుగని పిల్లవానికంటె దానిని జాగ్రత్తగా వాడ నేర్చినవాడు క్షేమముగా నుండును. రెండవది చదువు చెడునని. మా మనుమడు చింతపండు నానబెట్టి పులుసు తీసి, నూనె తేలువరకు సన్నని సెగపై ఉడికించెను; అన్నము పలుకుగా వార్చి పళ్లెరములో ఆరబోసెను; ఆవాలు నూరి కలిపెను. వేడియన్నము తొందరపడి కలిపినచో ముద్దయగునని ఒకసారి చెడగొట్టిన పిమ్మట తెలిసికొనెను. కొలతయు, కాలమును, ఓర్పును నేర్పునది చదువు కాకపోదు. మూడవది మగపిల్లవానికి గరిటె యేల యనునది. మంచి వంటను మనవారు నలభీమపాకమందురు. నలుడును భీముడును పురుషులే గదా! పొగడుటకు పురుషుల పేర్లు చెప్పి, పొయ్యియొద్ద నిలుచుటకు మాత్రము స్త్రీలను నియమించిన సంఘము మనది. ఆడపిల్లకు వంట రాకపోవుట తప్పనియు, మగపిల్లవానికి వచ్చుట తప్పనియు చెప్పు న్యాయమును ఏ బుద్ధిమంతుడును సమర్థింపజాలడు.

ఆ యాదివారము మా మనుమనితో కలిసి నలుగురు పిల్లలు చేరిరి. కర్నూలు మండలమువారి బాలుడు ఉగ్గాని తెచ్చెను. బొరుగులను నీళ్లలో తడిపి పిండి, ఉల్లిపాయల తిరుగమోతలో కలిపి, పుట్నాలపప్పు పొడి చల్లి చేయు ఫలాహారమది. పై అంతస్తులోని వైద్యుని కుమార్తె ఖుబానీ మీఠా తెచ్చెను. ఎండిన ఖుబానీ పండ్లను రాత్రి నానవేసి, గింజలు తీసి, పంచదారతో మెత్తగా ఉడికించినది. పాతనగరపు ముస్లిముల పెండ్లివిందులలో ఈ తీపి ప్రసిద్ధము. మిగిలినవాడు మా యింట వంటచేయు ఆమె కుమారుడు. వారు వరంగల్లు ప్రాంతమునుండి వచ్చి కృష్ణానగరులో నున్నారు. వాడు సర్వపిండి తెచ్చెను. బియ్యపుపిండిలో నానిన సెనగపప్పు, వేరుసెనగ పలుకులు, నువ్వులు, కారము చేర్చి తడిపి, నూనె రాచిన గిన్నె లోపల పలుచగా అద్ది, వ్రేలితో రంధ్రములు చేసి, వానిలో నూనెచుక్కలు వేసి, మూతపెట్టి సన్నని సెగపై కాల్తురు. కాలిన గిన్నె చల్లారినగాని రెండవది అద్దుటకు వీలుగాదు. వాడు తెల్లవారుజామున లేచి నాలుగు కాల్చితినని చెప్పెను.

మేము ఉగ్గాని తింటిమి. ఖుబానీ మీఠా రెండుమారులు వేయించుకొంటిమి. మతభేదము పాటింపక తినుచున్నందుకు లోలోపల మమ్ము మేమే మెచ్చుకొంటిమి. అప్పుడా బాలుడు పళ్లెము తెచ్చి, "తాతా, మీరు గూడ ఒక ముక్క తినుండ్రి. మా నానమ్మ చేసినట్లే చేసిన" అనెను. మా నోట వెంటనే "ఈవేళ ఏకాదశి నాయనా, ఉపవాసము" అను మాట వచ్చెను. అప్పటికే రెండు వంటకములు మా కడుపులో నున్నవి! మా మనుమడు గోడమీది క్యాలెండరు చూచి, "ఇవాళ నవమి కదా తాతయ్యా" అనెను. ఆ బాలుడు ఏమియు ననక పళ్లెమును బల్లపై పెట్టి వెనుకకు జరిగెను.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ బాలుని తల్లి వండిన యన్నమునే మేము ప్రతిదినము తినుచున్నాము. ఆమె చేయి శుచిగానిదని ఎన్నడును తలపలేదు. కులభేదములు పాటింపమని పదిమందిలో చెప్పుకొనువారము. సర్వపిండిలో మేము తినరానిది ఒక్కటియు లేదు. మరి అడ్డమైనదేమి? తరచి చూడగా సిగ్గుపడదగిన సమాధానము దొరికెను. ఆమె వంటకు మేము జీతమిచ్చుచున్నాము. జీతమిచ్చి తిన్న యన్నమువలన మనము ఎవ్వరికిని ఋణపడితిమని తలపము. బాలుడు తెచ్చినది జీతపు వంట కాదు. వాడు మమ్ము అతిథులను చేసెను. మేము తిన్నచో వాడు గృహస్థు, మేము వాని పంక్తిలో కూర్చున్నవారము. వాని నానమ్మ వంటయు మా అమ్మమ్మ వంటయు ఒకే బల్లపై సమానముగా నిలుచును. మా మనస్సు ఒప్పుకొననిది ఆ సమానతను. ఏకాదశి యనునది దానికి కప్పిన ముసుగు.

అన్నము పెట్టుట గొప్పదని మనకు తెలియును. లంకల గన్నవరమున ఆకలిగొన్నవారందరికి అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారు 1909లో స్వర్గస్థురాలయ్యెను. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు ఆమె పేరు పెట్టెను. అది తగిన గౌరవమే. అయితే సామాన్యులమైన మన విషయమున, పెట్టునప్పుడు చేయి పైనుండును, పుచ్చుకొనునప్పుడు క్రిందనుండును. పై చేతితో ఉదారులమగుట మనకు సులభము. మన సంస్కారమునకు పరీక్ష క్రింది చేతియందే కలదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపినప్పుడు, దానితో సంబంధమున్నవారికి వెలి శిక్షయయ్యెను. వెలియనగా వారితో ఎవరును తినరాదనియే కదా! వంటవారును నీళ్లవారును మానుకొనగా పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు తెచ్చి వండిరని చెప్పుదురు. అంతకు ఏడువందల యేండ్లకు పూర్వము పల్నాటిలో బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టిన చాపకూడు నేటికిని జనుల నోట నిలిచియున్నది. ఆయన తన కులమువాడు గానివానికి అన్నము పెట్టుటతో ఊరకున్నచో అది దానమనిపించుకొనెడిది. ప్రక్కన కూర్చుండి తినుటచేత అది వేరైనది.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. ఎవరేమి పెట్టినను తినవలసినదేనా? శాకాహారి మాంసము తినవలెనా? అక్కరలేదు. "నేను ఇది తినను" అని ఎదుటివాని ముఖము చూచి చెప్పుటలో అవమానము లేదు. పిల్లలు అట్టి మాటను సులభముగా గ్రహింతురు. వస్తువును వలదనుట వేరు, చేతిని వలదనుట వేరు. చేతిని వలదనుచు వస్తువుపై నెపము వేయుట అసత్యము. అది పిల్లలకు తెలియదనుకొనుట భ్రమ.

మరియొక సందేహము: ఇట్లు అందరి వంటలు కలిసినచో మన యింటి వంట ప్రత్యేకత పోదా? సర్వపిండినే చూడుడు. అందలి మిరపయు, వేరుసెనగయు అమెరికా ఖండములలో పుట్టినవి. పోర్చుగీసువారు సముద్రమార్గమున వచ్చిన పిమ్మట, 16వ శతాబ్దమున, మిరప మన దేశమునకు చేరినది. మన పులిహోరలోని ఎండుమిరపయు అట్లు వచ్చినదే. ఎవరి చేతినుండియు ఏమియు పుచ్చుకొనని వంశము తెలుగునాట ఉండెనేని దానికి కారము రుచి తెలిసియుండదు. అయినను సర్వపిండి తెలంగాణపు సొత్తు గాకపోలేదు, పులిహోర మాది గాకపోలేదు. శ్రీనాథునివని ప్రసిద్ధములైన చాటువులలో పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేసినవి కలవు. ఒరుల కూటిని వెక్కిరించుట మనకు పాత యలవాటు. పిల్లవాడు తన డబ్బాలోని రొట్టెను తోడివారు చూడకుండ మూతచాటున తినునట్లు చేయునది ఆ యలవాటే. సిగ్గుపడి దాచుకొన్న వంట ఒక తరముతో అంతరించును. మిత్రునికి పెట్టిన వంట నిలుచును.

తరువాతి ఆదివారము మేము మనుమని వెంటబెట్టుకొని, ముందుగా ఆమెను అడిగి, కృష్ణానగరులోని వారి యింటికి పోతిమి. రెండు గదుల యిల్లు. ఆమె వంటగదిలోనికి పోబోగా బాలుడు అడ్డుపడి, తానే గిన్నెలో పిండి అద్దెను. మేము చాపపై కూర్చుంటిమి. మొదటి చెక్క అంచులు కొంచెము మాడినవి. దానిని మాకు పెట్టవచ్చునో లేదో యని తల్లివైపు చూచెను. మేము చేయి చాచితిమి. వాడు పెట్టుచు, ఎట్టి కపటమును లేక, "ఇయ్యాల ఏకాదశి గాదు గదా తాతా?" అని యడిగెను.

"కాదు నాయనా. ఆనాడు కూడ కాదు" అని చెప్పితిమి. ఇది చెప్పుటకు మేము పోయిన దూరము మైలైనను లేదు. పట్టిన కాలము మాత్రము డెబ్బది యేండ్లు.

సోదరీసోదరులారా! మీ పిల్లలు తమ మిత్రులకు వండిపెట్టుదుమన్నచో అడ్డుచెప్పకుడు. పిలువవలసినవారిని వారినే ఎన్నుకొననిండు. వంటంతయు మీరు చేసి, చివర పిల్లవానిచేత గరిటె త్రిప్పించి ఛాయాచిత్రము తీయించకుడు. మా పేటలో అట్టి వేషములకు కొదువ లేదు. వండినవాడే పాత్రలు తోమవలెనని చెప్పుడు; లేనిచో ఆ విందు పనిమనిషికి అదనపు చాకిరి యగును. మీ పిల్లవాడు పెట్టినవారి యింటికి ఒకనాడు తిరిగి పోయి, వారు పెట్టినది తిని, ఎట్లు చేసిరో అడిగి తెలిసికొని రావలెను. వాని వెంట మీరును పోవలెను. పిల్లవాడు మన మాటలకంటె మన చేయి ఎచ్చట వెనుకకు తీయబడునో దానినే ఎక్కువగా గమనించుచుండును.