స్వతంత్ర విమర్శ: పాఠకుని బాధ్యత

'విమర్శ' అనే మాటకు మూలమైన 'మృశ్' ధాతువుకు స్పృశించడం, ఆలోచించడం అనే అర్థాలు రెండూ ఉన్నాయి. తాకి చూడనిదే తలపోయడం సాధ్యం కాదన్న సూచన ఆ మాటలోనే ఇమిడి ఉంది. అయినా విద్యాలయాలలో సాహిత్య విమర్శ తరచు మూలగ్రంథాన్ని తాకకుండానే సాగిపోతుంది. పీఠికాకారుడు అన్నది, గైడులో అచ్చయినది, అధ్యాపకుడు తరగతిలో చెప్పినది నేరుగా సమాధాన పత్రంలోకి చేరుతుంది. ఆ అభిప్రాయం సరైనదే కావచ్చు. సరైన అభిప్రాయాన్ని అరువు తెచ్చుకొని తనదిగా ప్రకటించడంలో దోషమేమిటి? ఈ ప్రశ్న పరీక్షలతో ముగిసేది కాదు. ఇది నైతికమైన ప్రశ్న.

రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో భావకులను నాలుగు తెగలుగా పేర్కొన్నాడు. ఏదీ రుచించనివాడు అరోచకి. గడ్డితో సహా అన్నిటినీ భుజించేవాడు సతృణాభ్యవహారి. అసూయాపరుడు మత్సరి. కావ్యతత్త్వంపై మనసు నిలిపేవాడు తత్త్వాభినివేశి. స్వతంత్ర విమర్శ అనగానే చాలామంది సతృణాభ్యవహారి స్థితి నుండి అరోచకి స్థితికి మారడమే అనుకొంటారు. అందరూ మెచ్చినదాన్ని తాము తెగడితే స్వాతంత్ర్యం సిద్ధించినట్లు భావిస్తారు. కాని ఎదురు చెప్పడం కూడా ఒక విధమైన పరాధీనతే. అక్కడా అభిప్రాయాన్ని నిర్ణయించేది ఇతరుల మాటే గాని గ్రంథం కాదు.

గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' ఇందుకు మంచి ఉదాహరణ. అది సంఘసంస్కరణ నాటకమన్న వాక్యం దాదాపు ప్రతి విద్యార్థికీ కంఠస్థం. రచయిత ఆంగ్ల పీఠికే అందుకు ఆధారమిస్తుంది. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన 1,034 శుల్క వివాహాల లెక్క అందులో ఉంది. అయితే పీఠికను పక్కన పెట్టి నాటకాన్ని చదివిన పాఠకునికి ఒక చిక్కు ఎదురవుతుంది. సంస్కరణను గురించిన ధారాళమైన ప్రసంగాలు ఎక్కువగా గిరీశం నోటి నుండే వెలువడతాయి. వితంతు వివాహాన్ని సమర్థించే అతని వాదాలు బుచ్చమ్మను లేవదీసుకొని పోవడానికి సాధనాలవుతాయి. అతని శిష్యుడు వెంకటేశం గురువు నుండి గ్రహించినది చుట్ట కాల్చడం, పెద్ద పెద్ద మాటలు వల్లించడం. ఇతరుల అభిప్రాయాలను వేషంగా ధరించేవారిని పరిహసించిన నాటకాన్ని గురించి విద్యార్థి ఇతరుల అభిప్రాయాన్నే వల్లించడం విచిత్రమైన విషయం.

అంతమాత్రాన ఈ నాటకం సంస్కరణను ఎగతాళి చేసిందని తేల్చివేయడం తొందరపాటు. సౌజన్యారావు పంతులు చిత్తశుద్ధి గల సంస్కర్త. గిరీశాన్ని చూపి చేసిన నిర్ణయం ఆయన దగ్గర నిలవదు. ఆయన నియమనిష్ఠ కూడా చివరి అంకంలో, పురుషవేషంలో వచ్చిన మధురవాణి ఎదుట పరీక్షకు లోనవుతుంది. వేశ్యను దగ్గరకు రానీయని ఆ న్యాయవాదికి లుబ్ధావధానులు కేసులో కావలసిన నిజం ఆ వేశ్య వల్లనే తెలుస్తుంది. ఇక్కడికి చేరిన పాఠకుడు తన మొదటి వాక్యాన్ని రెండుసార్లు కొట్టివేసి ఉంటాడు. విమర్శ నేర్చుకోవడమంటే ప్రధానంగా ఆ కొట్టివేతే. తన అభిప్రాయాన్ని బలపరిచే ఘట్టాలతో పాటు దాన్ని కూలదోసే ఘట్టాలను కూడా వెదికి, వాటికి సమాధానం చెప్పగలిగినంత మేరకే నిర్ణయం ప్రకటించడం అందులోని క్రమశిక్షణ. ఏ ప్రతిని చదివాడో చెప్పడం కూడా అందులో భాగమే. 1897లో అచ్చయిన నాటకానికీ, 1909లో గురజాడ తిరిగి రచించి ప్రకటించిన నాటకానికీ ఎంతో తేడా ఉంది.

గురుపరంపర లేనిదే విద్య లేదు కదా, పూర్వ విమర్శకులను కాదని విద్యార్థి ఎంత దూరం పోగలడు అన్న ఆక్షేపణ సహేతుకమైనదే. పూర్వులను విడిచిపెట్టమని ఎవరూ అనరు. వరుస మార్చుకోవాలన్నదే ఇక్కడి మాట. ముందు గ్రంథం, పిదప తన నిర్ణయం, ఆ తరువాత పెద్దల అభిప్రాయాలతో సంవాదం. 1914లో వెలువడిన 'కవిత్వతత్త్వ విచారము'లో కట్టమంచి రామలింగారెడ్డి పింగళి సూరన 'కళాపూర్ణోదయము'ను కథాకల్పన, పాత్రపోషణ వంటి ప్రమాణాలతో పరిశీలించారు. ఆయన నిర్ణయాలతో విభేదించిన పండితులున్నారు. అలా విభేదించడం సాధ్యమైనది ఆయన తన కారణాలను దాచకుండా ముందుంచినందువల్లనే. కారణాలు చూపిన పొరపాటును తరువాతివారు సవరించగలరు. కారణం తెలియకుండా వల్లించిన ఒప్పును సవరించడానికీ లేదు, పెంపొందించడానికీ లేదు.

న్యాయస్థానంలో సాక్షి తాను చూసినదే చెప్పాలి. విన్నదాన్ని చూసినట్లు చెబితే, ఆ విన్నది నిజమే అయినా సాక్ష్యం మాత్రం అబద్ధమవుతుంది. అరువు అభిప్రాయంలోని దోషం ఇదే. దాని ఫలితం వ్యక్తితో ఆగిపోదు. పాఠ్యగ్రంథాల ఎంపికలోనూ, పురస్కార నిర్ణయాలలోనూ, గ్రంథాలయాల కొనుగోళ్లలోనూ వినికిడి మాటే ప్రమాణమైతే, ఇప్పటికే పేరున్న పుస్తకం మరింత పేరు పొందుతుంది. పేరులేనిది చదివేవారు లేక మరుగున పడుతుంది. మరొక రచయితకు జరిగే ఈ అన్యాయాన్ని ఆపగలిగినది, పుస్తకం తెరిచి చివరి పుట వరకు చదివి, తాను చూసినదాన్ని పుటసంఖ్యతో సహా చెప్పగల పాఠకుడు మాత్రమే.