గండి కబురు

అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రానికి ఉత్తరాన, సాంగ్రె ది క్రిస్తో కొండల కింద, చుట్టూ ఎండు నేలలున్నా పచ్చగా ఉండే ఊళ్లు కొన్ని ఉన్నాయి. ఆ పచ్చదనం కాలువలది. అక్కడివాళ్లు వాటిని అసేకియాలంటారు. నాలుగు వందల ఏళ్ల కిందట స్పెయిన్ నుంచి వచ్చినవాళ్లు తవ్వడం మొదలుపెడితే, ఇవాళ్టికీ ఆ రాష్ట్రంలో సుమారు 700 కాలువలు పారుతున్నాయి. కొండల మీద మంచు కరిగితేనే నీళ్లు. ఏటా వసంతం రాగానే ఊరంతా పారలు పట్టుకొచ్చి పూడిక తీస్తారు. నీళ్లు వంతులవారీగా పంచడానికి రైతులే ఒకరిని ఎన్నుకుంటారు. ఆ మనిషిని మయోర్‌డోమో అంటారు. మన చెరువుల కింద నీరటి చేసే పనే అది. ఈ కథ అలాంటి ఒక ఊళ్లో జరిగిందనుకోండి.

ఆ ఊళ్లో ముసలి నీరటి మోకాళ్లు అరిగిపోయి పని మానుకున్నాడు. ఆయన స్థానంలో ఒక యువకుణ్ణి ఎన్నుకున్నారు. ఒంట్లో బలం ఉంది, నలుగురిలో మాట్లాడగలడు. ముసలాయనంటే అతనికి నిజంగానే గౌరవం. అందుకే ఆయన పెట్టుకునేలాంటి వెడల్పు టోపీ కొనుక్కున్నాడు. ఆయనలాగే చేతులు వెనక్కి కట్టుకుని కట్ట మీద నడిచేవాడు. ఆయనలాగే తక్కువ మాట్లాడేవాడు, గొంతు బరువుగా పెట్టేవాడు. చూసి జనం ముచ్చటపడ్డారు.

మే నెలలో కాలువ నిండుగా వచ్చింది. రాత్రి కాపలాకి పదహారేళ్ల కుర్రాణ్ణి పెట్టారు. మన దగ్గర పందికొక్కులు చేసే పని అక్కడ గోఫర్లు చేస్తాయి. ఓ అర్ధరాత్రి కట్టలో గోఫర్ తవ్విన బొరియలోంచి నీళ్లు ఉబకడం కుర్రాడి కంటపడింది. పరుగున పోయి నీరటి తలుపు కొట్టాడు. ఇద్దరూ తిరిగి వచ్చేసరికి గండి పడిపోయింది. కింద ఉన్న మిరప మడి అంతా బురద మేట వేసింది. ఆ మడి భర్త పోయాక ఒంటరిగా సేద్యం చేసుకుంటున్న ఒకావిడది.

మర్నాడు రైతులంతా చేరారు. అందరికన్నా ఎక్కువగా కేకలు వేసింది ఆవిడే. మరి నష్టం ఆవిడది. నీరటికి తన పరువు గుర్తుకొచ్చింది. "నేను అప్పజెప్పిన పనిని వీడు పాడుచేశాడు" అని, అందరి ముందూ కుర్రాడి చేతిలోని పార లాక్కున్నాడు. నాయకుడంటే ఇలా ఉండాలన్నారు జనం.

జూన్‌లో నీళ్లు సన్నగిల్లాయి. పెద్ద కాలువ కట్ట మీద ఒకచోట తడి మచ్చ కనిపించింది. అటుగా గొర్రెలు తోలుకెళ్లిన మనిషి చూశాడు. కాయ మీదున్న ఆపిల్ చెట్లకి నీళ్లు పెట్టుకోవడానికొచ్చిన రైతు చూశాడు. కుర్రాడూ చూశాడు. ఎవరూ చెప్పలేదు. నాలుగో రోజు కట్ట తెగింది. దాన్ని పూడ్చి కాలువ మళ్లీ పారించేసరికి మొక్కలు వడిలిపోయాయి. నీరటి కట్ట మీద నిలబడి చాలా గంభీరంగా మాట్లాడాడు గానీ, వినడానికి ఎవరికీ ఓపిక లేకపోయింది.

మిరప రైతు ఆ సాయంత్రం కుర్రాడి ఇంటికి వెళ్లింది.

"బాబూ, ఆ తడి నీకు ముందే కనిపించిందా?"

"కనిపించిందమ్మా. నాలుగు రోజులైంది."

"మరి చెప్పలేదేం?"

"పోయినసారి పరుగెత్తుకొచ్చి చెప్పినందుకే కదమ్మా పార లాక్కున్నారు? మీరు కూడా తిట్టారు."

ఆవిడ దగ్గర దానికి జవాబు లేదు. ఇంటికొచ్చాక రాత్రంతా ఆ మాటే ఆలోచించింది. ఆవిడకి కోపం ఎక్కువ, ఊరందరికీ తెలుసు. ఆ ఏడాదంతా ఆవిడ ఒక పని నేర్చుకుంది: కోపం వచ్చినప్పుడు ముందు ఒక ప్రశ్న అడగడం, ఆ తర్వాతే మాట్లాడటం. మొదట్లో కుదరలేదు. పాలవాడి మీద అరిచింది, పక్క పొలం రైతు మీద అరిచింది, మళ్లీ వెళ్లి మాట్లాడుకుంది. పోనుపోను కుదిరింది.

శీతాకాలంలో జరిగిన ఎన్నికలో ఊరు ఆవిణ్ణి నీరటిగా పెట్టుకుంది. కాపలాకి ఆవిడ మళ్లీ ఆ కుర్రాణ్ణే పిలిచింది. ఈసారి తప్పు నిజంగా వాడిదే. తెల్లవారుజామున తూము తలుపు ఎత్తి కునుకు తీశాడు. నీళ్లు ఎక్కువై కట్ట తెగింది, మునిగింది కిందటేటి నీరటి పొలం. ఆవిడ తానే కాలువలోకి దిగి, మోకాటి లోతు చల్లనీళ్లలో నిలబడి, కుర్రాడి పార తీసుకుని గండి పూడ్చింది. సభలో లేచి, "ఈ ఏడు నీళ్లు నా బాధ్యత. గండికి జవాబు చెప్పాల్సింది నేను. నష్టం ఎంతో లెక్క కట్టండి, అందరం పంచుకుందాం" అంది. తర్వాత కుర్రాడి వైపు తిరిగి, ఏం జరిగిందో నువ్వే చెప్పమంది. వాడు నిద్రపోయానని చెప్పాడు. ఇద్దరు కాపలా ఉంటే బాగుంటుందని కూడా వాడే చెప్పాడు. ఆవిడ పార తిరిగి వాడి చేతిలో పెట్టి, "ఈ రాత్రి నీతో ఇంకొకరు ఉంటారు" అంది.

ఆ వేసవిలో ఆవిడ తలుపు ఎన్ని రాత్రులు మోగిందో. చిన్న తడి కనిపించినా వచ్చి చెప్పేవాళ్లు. ఒక రాత్రి తలుపు తీస్తే, టోపీ లేకుండా, ఆయాసపడుతూ కిందటేటి నీరటి నిలబడి ఉన్నాడు. "పైన కట్ట కారుతోంది, నా కాపలాలోనే" అన్నాడు.

నీతి: నాయకుడు ఎంతటివాడో తెలియాలంటే చెడు కబురు అతని గుమ్మానికి ఎంత తొందరగా, ఎంత నిర్భయంగా చేరుతుందో చూడాలి. అంత నిర్భయంగా వచ్చి చెప్పే నమ్మకం అనుకరణతో రాదు. తప్పు తన మీద వేసుకుని, పని తిరిగి అవతలివాడి చేతిలో పెట్టగల మనిషికే వస్తుంది. ఆ గుణం పుట్టుకతో రాకపోయినా సాధన చేస్తే వస్తుంది.

చివరి మాటను నేను నొక్కి చెబుతాను. మనవాళ్లలో చాలామందికి నాయకత్వం జాతకంలో ఉండాలన్న నమ్మకం ఉంది. మెడ్‌ట్రానిక్ కంపెనీని నడిపి, తర్వాత హార్వర్డ్‌లో పాఠం చెప్పిన బిల్ జార్జ్ 2003లో దీని మీద పుస్తకం రాశారు. ఇంకొకరిని చూసి వాళ్లలా నడిచి ఎవరూ నాయకులు కారనీ, సొంత బతుకులో పడ్డ దెబ్బల్లోంచే ఎదగాలనీ ఆయన వాదన. దానికి సాక్ష్యం మన హైదరాబాద్ మనిషి జీవితంలోనే ఉంది.

సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో ఇంటర్వ్యూకి వెళ్లారు. అక్కడ రిచర్డ్ టైట్ అనే మేనేజర్ కంప్యూటర్లకు సంబంధం లేని ప్రశ్న ఒకటి అడిగాడు: నాలుగు రోడ్ల కూడలిలో ఓ పసిపాప పడిపోయి ఏడుస్తోంది, ఏం చేస్తావు? అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తానన్నారు నాదెళ్ల. ముందు ఆ బిడ్డను ఎత్తుకోవాలయ్యా అన్నాడు టైట్. ఇవాళ సహానుభూతికి ఉదాహరణగా చెప్పుకునే మనిషి అప్పుడిచ్చిన జవాబు అది. 1996లో ఆయన కొడుకు జైన్ సెరిబ్రల్ పాల్సీతో పుట్టాడు. మొదట్లో తనకే ఎందుకిలా జరిగిందని కుమిలిపోయాననీ, భార్య అను మాత్రం ఆ ఆలోచన పక్కన పెట్టి బిడ్డను థెరపీలకు తిప్పుతుంటే చూసి నేర్చుకున్నాననీ, అందుకు ఏళ్లు పట్టిందనీ ఆయనే రాసుకున్నారు.

ఆయన మైక్రోసాఫ్ట్ సీఈవో అయింది 2014 ఫిబ్రవరిలో. అదే ఏడు అక్టోబరులో ఫీనిక్స్ నగరంలో జరిగిన మహిళా సాంకేతిక నిపుణుల సభలో, ఆడవాళ్లు జీతం పెంచమని అడగనక్కర్లేదు, వ్యవస్థ మీద నమ్మకం ఉంచితే చాలన్న అర్థంలో మాట్లాడారు. గగ్గోలు పుట్టింది. అదే రోజు ఆయన ఉద్యోగులందరికీ లేఖ రాసి, తన జవాబు పూర్తిగా తప్పని ఒప్పుకున్నారు. కింద ఉన్నవాడు తప్పు ఒప్పుకోవాలంటే పైనున్నవాడు ముందు ఒప్పుకుని చూపించాలి. 2016 మార్చిలో మైక్రోసాఫ్ట్ ట్విట్టర్‌లో వదిలిన టే అనే చాట్‌బాట్, కొంటెవాళ్లు నేర్పిన జాత్యహంకారపు మాటలు పలకడంతో ఒక్క రోజులోపే దాన్ని వెనక్కి తీసుకున్నారు. కంపెనీ పరువు పోయింది. ఆ బృందానికి నాదెళ్ల పంపిన సందేశంలో, ప్రయత్నం ఆపొద్దనీ, తాను వాళ్ల వెంట ఉన్నాననీ ఉంది. ఉద్యోగాలు పోవచ్చనుకునే చోట ఆ బృందానికి పార తిరిగి చేతికొచ్చింది.

ఇది ఆయన ఎక్కడ నేర్చుకున్నారో కూడా చెప్పారు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో క్రికెట్ ఆడే రోజుల్లో ఒక మ్యాచ్‌లో ఆయన బౌలింగ్ చితికిపోయింది. కెప్టెన్ తానే బంతి తీసుకుని వికెట్ పడగొట్టి, మళ్లీ బంతి నాదెళ్లకే ఇచ్చాడు. ఆ తర్వాత నాదెళ్లకు వికెట్లు వరసగా వచ్చాయి. సీజన్ అంతా ఈ కుర్రాడు కావాలి, ధైర్యం చెదరకూడదు అని ఆ కెప్టెన్ అనుకుని ఉంటాడని నాదెళ్ల ఊహ. స్కూలు పిల్లవాడు చేసిన పని అది.

నాదెళ్ల దేవుడని చెప్పడానికి ఇదంతా రాయలేదు. 2014 జులైలో 18,000 ఉద్యోగాల కోత ప్రకటించింది ఆయన హయాంలోనే. ఉద్యోగం పోయినవాడికి సహానుభూతి మాటలు అన్నం పెట్టవు. ఆ బరువు కూడా నాయకుడి లెక్కలోనే రాయాలి.

ఇంకా వెనక్కి వెళితే, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కనిపిస్తారు. 1922లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో కష్టపడి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ పరిశోధనశాలకి వచ్చారు. అక్కడ ఆయన పరిశోధన విభాగాన్ని నడిపే రోజుల్లో, విస్కాన్సిన్‌లో ఉద్యోగ విరమణ చేసిన డెబ్బై దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ 1944లో ఆ సంస్థలో చేరాడు. డగ్గర్ ఎన్నో మట్టి నమూనాలు పరీక్షించి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కనిపెట్టాడు. 1948లో అది లోకానికి వెల్లడయింది. దాని పేటెంటు డగ్గర్ పేరు మీదే ఉంది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఆయన పేరు తెలియకుండానే ఆయన నడిపిన బృందాల మందులతో బతికినవాళ్లు ఎందరో.

నాదెళ్ల ఆ 1992 ప్రశ్నకి సరైన జవాబు చెప్పలేకపోయినా ఉద్యోగం వచ్చింది. ఆ మనిషిలో ఇంకా రాని గుణాన్ని రానివ్వడానికి ఎవరో చోటిచ్చారు. ఇవాళ డాలస్‌లో, న్యూజెర్సీలో, బే ఏరియాలో ఇంటర్వ్యూ బల్లకి అవతలి వైపు కూర్చున్న తెలుగువాళ్లకి, బృందాలు నడిపేవాళ్లకి నేను ఒక్కటే అడుగుతున్నాను. మీ కింద పనిచేసేవాళ్లలో చివరిసారి తనంతట తాను వచ్చి చెడు కబురు చెప్పింది ఎవరో, మీరు అప్పుడు ఏమన్నారో గుర్తుచేసుకోండి. ఎవరూ గుర్తుకు రాకపోతే, వచ్చే సోమవారం రివ్యూ మీటింగ్‌లో మీరు చేసిన ఒక తప్పు ముందుగా మీరే చెప్పండి. ఆ తర్వాత ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, ఎక్కడ కారుతోందో అడగండి. మొదటి వారం ఎవరూ చెప్పకపోవచ్చు. రెండో వారం కూడా అడగండి.